ఫైలు డిలీట్ చేస్తే కెర్నెల్ ఎందుకు కూలింది?

2007లో లైనక్స్ కెర్నెల్ మీద పనిచేసేవాళ్ళు ఒక చిక్కు లోపాన్ని దిద్దారు. దాని లక్షణం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నెట్‌వర్క్ అవతల వేరే యంత్రంలో ఉన్న డిస్కును మన కంప్యూటర్‌లో మౌంట్ చేసుకున్నాం. అందులో తెరిచి ఉన్న ఫైలు ఒకదాన్ని డిలీట్ చేశాం. తరవాత దాన్ని మూసి, వెంటనే డిస్కును అన్‌మౌంట్ చేశాం. దాదాపు ఎప్పుడూ ఏమీ కాదు. ఎప్పుడో ఒకసారి మాత్రం కంప్యూటర్ మొత్తం కూలిపోతుంది.

మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే అదొక్కటే పోతుంది. కెర్నెల్ దాన్ని ఆపి, దాని మెమొరీ వెనక్కి తీసుకుని, మిగతా పనులు నడుపుతుంది. తప్పు కెర్నెల్లోనే జరిగితే ఆపడానికి దానిపైన ఎవరూ లేరు. డిస్కు, నెట్‌వర్క్, తెర, తెరిచి ఉన్న ప్రతి ప్రోగ్రామూ ఆ ఒక్క కెర్నెల్ మెమొరీ మీదే ఆధారపడి ఉంటాయి. అందుకే కెర్నెల్ క్రాష్‌ను వెతికి పట్టుకోవడం మామూలు ప్రోగ్రామ్‌ను బాగుచేయడం కంటే ఎంతో కష్టం. పైగా ఈ కేసులో క్రాష్‌కు దారితీసినది ఫైలు చెరపడం. అంత చిన్న పనికి అంత పెద్ద దెబ్బ ఎలా తగిలిందో తెలియాలంటే, ముందు చెరపడం అంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి.

యూనిక్స్ కుటుంబపు సిస్టమ్‌లలో ఫైలు వేరు, ఫైలు పేరు వేరు. డైరెక్టరీలో ఉండేది పేరు. ఆ పేరు ఐనోడ్ అనే రికార్డును చూపిస్తుంది. ఫైలు సైజు, యజమాని, డేటా డిస్కులో ఎక్కడ ఉంది అన్న వివరాలు ఐనోడ్‌లో ఉంటాయి. మనం డిలీట్ కొట్టినప్పుడు పోయేది పేరు ఒక్కటే. కెర్నెల్ రెండు లెక్కలు పెట్టుకుంటుంది: ఈ ఐనోడ్‌కు ఇంకా ఎన్ని పేర్లున్నాయి, ఇప్పుడు దీన్ని ఎందరు తెరిచి వాడుతున్నారు. రెండూ సున్నాకు చేరాకే డేటా నిజంగా చెరుగుతుంది. పెళ్ళి భోజనాల్లో బంతిలో చివరి మనిషి లేచేదాకా విస్తళ్ళు ఎత్తరు. కెర్నెల్ పాటించేదీ అదే మర్యాద.

సర్వర్లు చూసుకునేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే విషయమే. డిస్కు నిండిపోయిందని పెద్ద లాగ్ ఫైలు చెరిపేస్తారు, కానీ ఖాళీ పెరగదు. ఆ లాగ్ రాస్తున్న ప్రోగ్రామ్ ఇంకా ఫైలును వదలకపోవడమే కారణం. దాన్ని రీస్టార్ట్ చేయగానే ఖాళీ వచ్చేస్తుంది. తాత్కాలిక ఫైళ్ళు వాడే ప్రోగ్రామ్‌లు చాలా ఈ సదుపాయం మీదే నడుస్తాయి. ఫైలును తెరిచి, ఆ వెంటనే పేరు చెరిపేసి, పని జరిగినంతసేపూ వాడుకుంటాయి. ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోయినా చెత్త మిగలదు. యూనిక్స్‌ను తీర్చిదిద్దినవాళ్ళు చేసిన మంచి నిర్ణయాల్లో ఇదొకటని నా అభిప్రాయం. అయితే ఈ నిర్ణయం ఒక విషయాన్ని నమ్ముకుని ఉంది. లెక్క పెట్టేవాడు ఒక్కడే, అన్నీ అతని కళ్ళముందే జరుగుతాయి. డిస్కు వేరే యంత్రంలో ఉన్నప్పుడు ఆ నమ్మకం చెల్లదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ అని పిలిచే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చింది. 40 ఏళ్ళు దాటినా అది ఇంకా వాడుకలోనే ఉంది. చిప్ డిజైన్ ఆఫీసుల్లో, సినిమా గ్రాఫిక్స్ తయారయ్యే చోట్ల, విశ్వవిద్యాలయాల ల్యాబుల్లో వందల కంప్యూటర్లు ఒకే స్టోరేజీని పంచుకుంటాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చిప్ డిజైన్‌లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లలో చాలామంది హోమ్ డైరెక్టరీ ఉండేది ఎన్‌ఎఫ్‌ఎస్ మీదే.

సన్ ఇంజనీర్లు మొదట్లోనే ఒక గట్టి నిర్ణయం తీసుకున్నారు. ఏ క్లయింట్ ఏ ఫైలు తెరిచిందో సర్వర్ గుర్తుపెట్టుకోదు. పాత వెర్షన్లలో, అంటే 1989లో ప్రమాణంగా అచ్చయిన రెండోదానిలోనూ 1995 నాటి మూడోదానిలోనూ, ఫైలు 'తెరువు', 'మూయి' అనే ఆజ్ఞలే లేవు. క్లయింట్ దగ్గర ఫైల్ హ్యాండిల్ అనే చిన్న గుర్తు ఉంటుంది. రెండో వెర్షన్‌లో అది 32 బైట్లు, మూడోదానిలో గరిష్ఠంగా 64 బైట్లు. 'ఈ హ్యాండిల్ ఉన్న ఫైల్లో ఫలానా చోటు నుంచి ఇన్ని బైట్లు ఇవ్వు' అని క్లయింట్ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది. ఆ మాట అంతటితో సరి. దీనివల్ల ఒక గొప్ప లాభం ఉంది. సర్వర్ పడిపోయి మళ్ళీ లేచినా పోగొట్టుకున్న జ్ఞాపకమంటూ ఏమీ ఉండదు. జవాబు రాని క్లయింట్ మళ్ళీ అడుగుతుంది, పని సాగిపోతుంది.

నష్టం ఫైలు చెరిపేటప్పుడు బయటపడుతుంది. ఎవరు వాడుతున్నారో సర్వర్‌కు తెలియదు కాబట్టి చెరపమనగానే చెరిపేస్తుంది. అప్పటికి ఆ ఫైలును తెరిచి ఉంచుకున్న ప్రోగ్రామ్ తర్వాతి బైట్లు అడిగితే, హ్యాండిల్‌కు కాలం చెల్లిందన్న జవాబు వస్తుంది. యూనిక్స్ ఇచ్చిన హామీ అక్కడితో పోయినట్టే.

క్లయింట్ కెర్నెల్ ఆ హామీని నిలబెట్టుకోవడానికి ఒక ఉపాయం కనిపెట్టారు. దీన్ని 'సిల్లీ రీనేమ్' అంటారు. తన దగ్గరే ఇంకెవరో తెరిచి ఉంచిన ఫైలును చెరపమని ఎవరైనా అడిగితే, కెర్నెల్ సర్వర్‌కు చెరపమని చెప్పదు, పేరు మార్చమని చెబుతుంది. కొత్త పేరు చుక్కతో మొదలవుతుంది, ఆ వెంట 'ఎన్‌ఎఫ్‌ఎస్' అనే అక్షరాలుంటాయి. లైనక్స్‌లో ఆ తర్వాత ఐనోడ్ సంఖ్య 16 అంకెల్లో, ఒక వరస సంఖ్య 8 అంకెల్లో వస్తాయి. వాడుతున్నవాళ్ళలో చివరివాళ్ళు ఫైలు మూసినప్పుడు కెర్నెల్ అసలు డిలీట్ ఆజ్ఞను పంపుతుంది. మధ్యలో క్లయింట్ యంత్రమే ఆగిపోతే ఆ విచిత్రమైన పేరున్న ఫైళ్ళు సర్వర్ మీద అనాథలుగా మిగిలిపోతాయి. ఈ ఉపాయానికి ఇంకో హద్దు ఉంది. చెరిపేవాడు వేరే కంప్యూటర్లో ఉంటే ఇది పనిచేయదు, ఎందుకంటే ఒక క్లయింట్‌లో ఏం తెరిచి ఉందో ఇంకో క్లయింట్‌కు తెలియదు.

ఇక 2007 నాటి లోపం దగ్గరికి వద్దాం. చివరి వాడకందారు ఫైలు మూశాడు. కెర్నెల్ ఇప్పుడు సర్వర్‌కు డిలీట్ పంపాలి. పంపి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడవచ్చా? కూడదు. ఆ క్షణంలో ఫైలును వదిలేసిన దారి డైరెక్టరీ లాక్‌ను పట్టుకుని ఉండవచ్చు. నెట్‌వర్క్ నెమ్మదిస్తే ఆ డైరెక్టరీని ముట్టుకున్న ప్రతి ప్రోగ్రామూ క్యూలో ఆగిపోతుంది. అందుకని డిలీట్ పనిని వెనక నడిచే వర్కర్‌కు అప్పగించి, కెర్నెల్ ముందుకు సాగుతుంది. ఆ వర్కర్ చేతిలో ఫైలు పేరు, ఏ డైరెక్టరీలో ఉందన్న పాయింటర్, ఎవరి అధికారంతో చెరపాలన్న వివరం ఉంటాయి.

ఫైలు తెరిచి ఉన్నంతసేపూ డిస్కును అన్‌మౌంట్ చేయబోతే 'వాడకంలో ఉంది' అని కెర్నెల్ ఒప్పుకోదు. ఫైలు మూయగానే ఆ అడ్డు తొలగిపోతుంది. అన్‌మౌంట్ కోడ్ చూసుకుంటే తెరిచిన ఫైళ్ళు సున్నా. సరే అనుకుని సూపర్‌బ్లాక్‌ను, అంటే ఆ మౌంట్‌కు సంబంధించిన సమస్త సమాచారానికీ మూలమైన రికార్డును, మెమొరీలోంచి విడుదల చేస్తుంది. డిలీట్ ఆజ్ఞ మాత్రం ఇంకా తీగ మీదే ఉంది. సర్వర్ జవాబు వచ్చాక వర్కర్ మేల్కొని తన చేతిలోని పాయింటర్ పట్టుకుని వెళ్తుంది. అక్కడ ఇప్పుడు ఏముందో చెప్పలేం. ఆ మెమొరీని అప్పటికే ఇంకెవరో తీసుకుని ఉండవచ్చు.

లైనక్స్ ఇలాంటి ప్రమాదాన్ని కొన్నిసార్లు ముందే పసిగట్టేది. అన్‌మౌంట్ ముగిశాక కూడా ఐనోడ్‌లు వాడకంలో ఉన్నాయనీ, 5 సెకన్లలో స్వీయవినాశనం జరుగుతుందనీ పాత కెర్నెళ్ళు లాగ్‌లో ఒక వాక్యం రాసేవి. వాక్యం తేలిగ్గా ఉన్నా అది చెప్పే సంగతి అక్షరాలా నిజం. ఆ వరస కనబడ్డ యంత్రం కాసేపట్లో పడిపోయే అవకాశం ఎక్కువ.

ఇలాంటి క్రాష్ జరిగినప్పుడు కెర్నెల్ ఆఖరి ఊపిరితో ఒక నివేదిక రాస్తుంది. లైనక్స్‌లో దాన్ని 'ఊప్స్' అంటారు. ఏ ఆజ్ఞ నడుపుతుండగా తప్పు జరిగింది, రిజిస్టర్లలో ఏ విలువలున్నాయి, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలుస్తూ ఇక్కడిదాకా వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. చదవడం తెలిసినవాళ్ళకు ఇది చాలా మాట్లాడుతుంది. ముందుగా చూడాల్సింది తప్పు జరిగిన మెమొరీ అడ్రసు. అది 40 లాంటి చిన్న అంకె అయితే, ఖాళీ పాయింటర్‌ను నిజమైన రికార్డు అనుకుని అందులో 40వ బైటు దగ్గరున్న గడిని చదవబోయారన్నమాట. ఏ రికార్డులో 40 దగ్గర ఏ గడి ఉందో డీబగ్గర్‌ను అడిగితే చెబుతుంది. సగం దారి అక్కడే దొరుకుతుంది.

అడ్రసులోనో రిజిస్టర్లలోనో '6బి' అనే విలువ వరసగా కనబడితే కథ వేరు. లైనక్స్‌లో మెమొరీ డీబగ్ సదుపాయం తెరిచి ఉంచితే, విడుదలైన ప్రతి మెమొరీ ముక్కనూ కెర్నెల్ 6బి అనే బైటుతో నింపేస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో ఇదే పనికి 'డెడ్ కోడ్' అని చదువుకోగలిగే అంకె వాడతారు. ఆ గుర్తు కనబడిందంటే వదిలేసిన మెమొరీని ఎవరో మళ్ళీ ముట్టుకున్నారని తేలిపోతుంది. ఆ సదుపాయం మూసి ఉంటే అక్కడ వేరేవాళ్ళ డేటా ఉంటుంది. అప్పుడు క్రాష్ ఇవాళ ఒకచోట, రేపు మరోచోట జరుగుతుంది. ఒక్కోసారి ఫైళ్ళతో సంబంధమే లేని కోడ్‌లో కూలుతుంది. ఒకే పని చేస్తుంటే ప్రతిసారీ వేరే చోట కూలడం, అదే ఒక గట్టి ఆధారం.

ఇక్కడే కొత్తవాళ్ళు దారి తప్పుతారు. ఊప్స్‌లో కనబడేది నెట్‌వర్క్ జవాబు అందుకున్న వర్కర్ దారి మాత్రమే. అందులో అన్‌మౌంట్ ఊసు ఉండదు, ఫైలు మూసిన ప్రోగ్రామ్ పేరూ ఉండదు. వాళ్ళ పని ముగించుకుని వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. వర్కర్ కోడ్‌లో పాయింటర్ ఖాళీగా ఉందేమో చూసుకునే వరస ఒకటి చేర్చి లోపం పోయిందనుకునేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. విడుదలైన మెమొరీని చూపించే పాయింటర్ ఖాళీగా ఉండదు, మామూలు పాయింటర్‌లాగే కనబడుతుంది. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ రికార్డును విడుదల చేసినవాడు తానే చివరివాడినని ఏ లెక్క చూసి నమ్మాడు?

ఆ ప్రశ్నకు జవాబు దొరకడం ఇప్పుడు తేలికైంది. 2015లో లైనక్స్ 4.0తో 'కాసాన్' అనే పనిముట్టు కెర్నెల్‌లో చేరింది. మెమొరీలో ప్రతి 8 బైట్లకు ఒక నీడ బైటు పెట్టి, ఏది ముట్టుకోవచ్చో ఏది కూడదో అందులో రాసుకుంటుంది. తప్పు దొరికితే మూడు దారులు పక్కపక్కనే అచ్చువేస్తుంది: ఈ మెమొరీని ఎవరు తీసుకున్నారు, ఎవరు విడుదల చేశారు, ఇప్పుడు ఎవరు ముట్టుకున్నారు. మన కేసులో రెండో దారిలో అన్‌మౌంట్ స్పష్టంగా కనబడి ఉండేది. మెమొరీలో ఎనిమిదో వంతు దీనికే పోతుంది, యంత్రం బాగా నెమ్మదిస్తుంది, అందుకే పరీక్షలకే పరిమితం. 2007లో ఇది లేదు. అప్పటికి ఉన్న పెద్ద ఆసరా 2005లో వచ్చిన కేడంప్. యంత్రం లేవగానే కొంత మెమొరీని పక్కన పెట్టి, అందులో రెండో చిన్న కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతారు. పెద్ద కెర్నెల్ కూలిన క్షణంలో చిన్నది లేచి, కూలినదాని మెమొరీ మొత్తాన్ని డిస్కులో దాస్తుంది. తర్వాత తీరిగ్గా తెరిచి చూసుకోవచ్చు. కేడంప్‌ను తయారుచేయడంలో ఐబీఎమ్ బెంగళూరు ఇంజనీర్ల చెయ్యి గట్టిగా ఉంది.

నివేదిక చదవడం ఒక ఎత్తు, క్రాష్‌ను మళ్ళీ రప్పించడం ఇంకో ఎత్తు. డిలీట్ ఆజ్ఞ వెళ్ళి జవాబు వచ్చేలోపే అన్‌మౌంట్ పూర్తి కావాలి. మంచి లోకల్ నెట్‌వర్క్ మీద ఆ వ్యవధి మిల్లీసెకనులో సగం కూడా ఉండకపోవచ్చు. ఎక్కడ జరుగుతోందో చూద్దామని కోడ్ మధ్యలో ప్రింట్ వరసలు పెడితే వేగాలు మారిపోయి క్రాష్ మాయమవుతుంది. చూడబోతే దాక్కునే ఇలాంటి లోపాల్ని కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే 1985లోనే తన పత్రంలో 'హైజన్‌బగ్' అన్న పేరుతో ప్రస్తావించాడు. చేయాల్సింది ఆ వ్యవధిని పెంచడం. లైనక్స్‌లో నెట్‌వర్క్‌ను కావాలని ఆలస్యం చేసే సదుపాయం ఉంది. సగం మిల్లీసెకను ప్రయాణాన్ని 2 సెకన్లు చేస్తే తప్పు జరిగే కిటికీ 4000 రెట్లు పెద్దదవుతుంది. తెరువు, చెరుపు, మూయి, అన్‌మౌంట్ అనే నాలుగు పనుల్ని ఒక చిన్న స్క్రిప్ట్‌లో తిప్పుతూ పోతే, నెలకోసారి వచ్చే క్రాష్ నిమిషాల్లో వస్తుంది. పిలవగానే వచ్చే లోపం సగం పరిష్కారమైనట్టే.

2007 దిద్దుబాటు సారాంశం సులువుగానే ఉంటుంది. పెండింగ్‌లో ఉన్న డిలీట్లు ఎన్నో లెక్కపెట్టాలి, ఆ లెక్క సున్నా అయ్యేదాకా అన్‌మౌంట్ ఆగాలి. అంటే తెరిచిన ఫైళ్ళతో పాటు చెరుగుతున్న ఫైళ్ళనూ వాడకందార్లుగానే చూడాలి. తర్వాతి కాలంలో పద్ధతి కొంచెం మారింది. ప్రతి పెండింగ్ డిలీటూ సూపర్‌బ్లాక్‌ను తానే పట్టుకుని ఉంటుంది, చివరగా వదిలినవాళ్ళు దాన్ని కూల్చే పని కూడా చూసుకుంటారు.

కథ అక్కడితో ఆగలేదు. 2012లో ఇంకో చిక్కు బయటపడింది. ఈసారి యంత్రం కూలలేదు, పనులు శాశ్వతంగా నిలిచిపోయాయి. చివరగా వదిలేది ఒక్కోసారి ఆ వెనక వర్కరే అవుతుంది. అప్పుడు మౌంట్‌ను మూసే పని దాని నెత్తినే పడుతుంది. మూయాలంటే సర్వర్‌తో నడుస్తున్న పనులన్నీ ముగిసేదాకా ఆగాలి. ఆ పనుల్లో కొన్ని ఇదే వర్కర్ క్యూలో తమ వంతు కోసం కూర్చుని ఉన్నాయి. వర్కర్ వాటికోసం ఆగింది, అవి వర్కర్ కోసం ఆగాయి. చివరి వదులుడును ఆ వర్కర్ చేతుల్లోంచి తప్పించి, వేరే సందర్భంలో జరిగేలా మార్చి దీన్ని పరిష్కరించారు.

2007లోనే దిద్దిన మరో లోపం ఆ క్రాష్‌కు చుట్టం. డిలీట్ దారిలో ఉండగా ఎవరో ఆ చుక్కపేరు ఫైలును వెతికితే, కెర్నెల్ అది ఉందనుకుని కొత్త రికార్డు తయారుచేసేది. లైనక్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌ను ఏళ్ళ తరబడి చూసుకుంటున్న ట్రాండ్ మిక్లబస్ట్ దీనికి అదనపు లాక్ ఒకటి పెట్టి, మధ్యలో ఎవరైనా వెతికి ఉంటే చెరపాల్సిన బాధ్యత కొత్త రికార్డుకు బదిలీ అయ్యేలా చేశాడు. 2016లో ఒకే డైరెక్టరీలో అనేక వెతుకులాటలు ఒకేసారి జరిగేలా కెర్నెల్ మారినప్పుడు ఆ లాక్‌ను మళ్ళీ తిరగరాయాల్సి వచ్చింది. ఈ కోడ్ ఇవాళ కూడా ఒకే చిన్న ఫైల్లో ఉంది. కెర్నెల్ సోర్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీ తెరిచి 'అన్‌లింక్' అనే పేరున్న ఫైలు చూడండి. సీ భాష వచ్చిన విద్యార్థి ఎవరైనా ఒక సాయంత్రం కూర్చుని చదవగలిగినంతే ఉంటుంది. రిఫరెన్స్ లెక్కలు ఎందుకు కష్టమో పాఠ్యపుస్తకాల కంటే అది బాగా నేర్పుతుంది.

సర్వర్లు చూసుకునేవాళ్ళకు చివరగా మూడు సూచనలు. డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళు కనబడితే బలవంతంగా చెరపకండి. వాటిని తెరిచి ఉంచిన యంత్రంలో చెరపబోతే 'వాడకంలో ఉంది' అనే జవాబే వస్తుంది. ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో వెతికి దాన్ని మూయండి. కేడంప్‌ను క్రాష్ వచ్చాక కాదు, ఇవాళే అమర్చి, ఒకసారి కావాలని యంత్రాన్ని కూల్చి డంప్ నిజంగా డిస్కులో పడుతోందో లేదో పరీక్షించుకోండి. ఎప్పుడైనా లోపం గురించి ఫిర్యాదు పంపాల్సి వస్తే, తెర మీద మిగిలిన ఆఖరి నివేదికను ఫోటో తీసి పంపడం చాలదు. లాగ్‌లో పైకి వెళ్ళి మొట్టమొదటి ఊప్స్‌ను మొదటి వరస నుంచి చివరి వరస దాకా పంపండి. ఆ తర్వాత వచ్చేవి చాలావరకు దాని పర్యవసానాలే.